నాగలి పెట్టకుండ తోటలో కలుపు నివారణ

తొలకరి వానలు పడిన పది దినములకు తోట అంతయు పచ్చబడును. కాని ఆ పచ్చదనములో మనము నాటిన మొక్క ఎంత, నాటనిది ఎంత అని చూచిన రైతునకు సంతోషము నిలువదు. నాగలి పెట్టి దున్నితిమి, గుంటక తోలితిమి, కూలీలను పెట్టి ఏరించితిమి. అయినను ఇరువది దినములలో కలుపు మరల తల ఎత్తినది. ఈ పని ఏటేట పెరుగుచున్నదే కాని తరుగుట లేదు. ఇందులో ఎక్కువ భారము నడుము వంచి కలుపు తీయు స్త్రీలమీదనే పడుచున్నది.

సిద్దిపేట జిల్లా రైతులకు ఈ విషయము మరింత ముఖ్యము. పూర్వపు మెదక్, కరీంనగర్, వరంగల్ జిల్లాల భాగములతో 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ జిల్లాలో ఎర్ర చల్క నేలలు విస్తారముగ కలవు. గజ్వేల్, ములుగు, వర్గల్ ప్రాంతములలో కూరగాయల సాగు హెచ్చుగ కలదు. 2020లో రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్ జలాశయములకు గోదావరి నీరు చేరిన తరువాత ఒకప్పుడు ఎండకాలమున ఎండి ఉండు భూములలోను తడి కనబడినది. నీరు మంచిదే. కాని నీరు అందిన తోటలో పంట వలెనే కలుపు కూడ ఏడాది పొడవున పెరుగును.

మందు కొట్టి వదిలించుకొందమన్నను దారి ఇరుకైనది. తోటలలోను గట్లమీదను విరివిగ వాడిన గ్లైఫోసేట్ మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ఉత్తరువు ఇచ్చినది. అదిగాక ఇంటిల్లిపాది కూర కోసుకొని తిను పెరటి మడిలో విషము చల్లుటకు ఎవరికిని మనసొప్పదు. కావున నేలను తిరగవేయకుండ, మందు చల్లకుండ కలుపును అదుపులో ఉంచు పద్ధతిని ఈ పాఠములో వివరించుచున్నాము. ఇది పది గుంటల లోపు పెరటి తోటలకు, కూరగాయల మడులకు, పండ్ల చెట్ల పాదులకు తగిన పద్ధతి.

దున్నిన కొలది కలుపు ఎందుకు పుట్టును?

కలుపు గింజలకు నేలయే గాదె. ఒక్క ముండ్ల తోటకూర మొక్కను ముదరనిచ్చినచో అది ఒక్కొక్కప్పుడు లక్షకు మించిన గింజలను రాల్చును. అవన్నియు మరుసటి ఏడే మొలవవు. కొన్ని మొలచును, కొన్ని చీమలు, పక్షులు తినును, తక్కినవి మన్నులో నిద్రించును. లోతున పడిన గింజకు వెలుతురు అందదు; ఎండ వేడి, రాత్రి చలి అను మార్పు తెలియదు. అందుచేత అది చావక, మొలవక ఏండ్ల తరబడి కాచుకొని ఉండును.

ఎంత కాలము కాచుకొని ఉండగలదో తెలుపు పరీక్ష ఒకటి కలదు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రములో విలియం జేమ్స్ బీల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో కలుపు గింజలను ఇసుకతో కలిపి 20 సీసాలలో నింపి భూమిలో పాతిపెట్టెను. కొన్ని ఏండ్లకు ఒక సీసా చొప్పున ఆయన తరువాతివారు త్రవ్వి చూచుచు వచ్చిరి. 2021లో, అనగా 141 ఏండ్ల తరువాత, తీసిన సీసాలోని గింజలలో కూడ కొన్ని మొలకెత్తినవి. తాత రాల్చనిచ్చిన గింజ మనుమని కాలమున మొలచునన్న మాట అతిశయోక్తి కాదు.

నాగలి పెట్టినప్పుడు జరుగునది ఇదియే. అడుగున నిద్రించు గింజ పైకి వచ్చును. మన్ను తిరగబడు ఆ క్షణమున తగిలిన వెలుతురే చాల గింజలకు మేలుకొలుపు. ఆపైన ఒక వాన పడినచో వేలకొలది మొలకలు లేచును. దుక్కితో మొలచిన కలుపును చంపితిమి అనుకొందుము గాని అదే దుక్కితో రాబోవు కలుపును విత్తుకొనుచున్నాము.

దీనికి మారుగ నేలను కదపకుండ ఉంచినచో, సన్నగింజల కలుపులో ఎక్కువ భాగము పైనున్న రెండు మూడు సెంటీమీటర్ల పొరనుండి మాత్రమే మొలవగలదు. ఆ పై పొరలోని గింజలను మొలిపించి చంపి, కొత్త గింజ పడనీయనిచో గాదె తలుపు మూసినట్లే. అడుగున ఉన్నవి అడుగుననే ఉండును. ఈ పాఠములోని సారము అంతయు ఇదియే: గాదెను తెరువవద్దు, గాదెలో కొత్త గింజ పోయవద్దు.

దున్నకుండ పంట తీయుట మన తెలుగువారికి కొత్త కాదు. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు దినములు ముందు, నిలిచియున్న పైరులోనే మినుము, పెసర చల్లి, దుక్కి లేకుండనే రెండవ పంట తీయుట చాల కాలముగ నడచుచున్న ఆచారము. జపాను దేశములో మసనోబు ఫుకువోకా దుక్కి మాని, పొలములో పండిన గడ్డిని పొలములోనే పరచి దశాబ్దముల తరబడి వరి, బార్లీ పండించెను. ఆయన గ్రంథము ‘గడ్డిపరకతో విప్లవం’ అను పేర తెలుగులోను వచ్చినది. అయితే అనుభవములేని తొలి దినములలో తండ్రి నారింజ తోటను ఒక్కసారిగ వదలివేయగా చెట్లు చచ్చినవని ఆయనయే వ్రాసికొనెను. దున్నకుండుట వేరు, పట్టించుకొనకుండుట వేరు అని దీనివలన గ్రహించవలెను.

శత్రువును గుర్తించుట

మన తోటలలోని కలుపును రెండు తరగతులుగ విభజించుకొనవచ్చును.

మొదటి తరగతి గింజవలన పుట్టి, గింజ కట్టి, చచ్చునవి: గలిజేరు, గంగవాయిలి, చెంచలి, ముండ్ల తోటకూర, గునుగు, వయ్యారిభామ మొదలగునవి. వీటిని గెలుచుట సులభము. నేలను కప్పి, గింజ కట్టనీయనిచో ఇవి ఏటేట తగ్గును.

రెండవ తరగతి గడ్డలవలనను, భూమిలో ప్రాకు కాడలవలనను వ్యాపించునవి: తుంగ, గరిక. వీటిని నాగలితో ముక్కలు చేసినచో ప్రతి ముక్కయు ఒక కొత్త మొక్క అగును. తుంగ గడ్డలు గొలుసువలె ఒకదానికొకటి తగులుకొని ఉండును. దుక్కి ఆ గొలుసును తెంపి గడ్డలను తోట అంతట పంచిపెట్టును. ఈ తరగతికి ఓపిక కావలెను. దీనిని గురించి ముందు వేరుగ చెప్పుదుము.

ఎండకాలపు పని

పనిని భరణి, కృత్తిక కార్తెలలో, అనగా ఏప్రిల్ చివర, మే నెలలో ప్రారంభించుట మేలు. మడిలో నిలిచిన కలుపును కొడవలితో నేలమట్టముగ కోయవలెను. పెరుకరాదు, పెరికినచో వేళ్ళతోపాటు మన్ను లేచి గింజలు పైకి వచ్చును. ఏకవార్షికపు మొక్కను నేలకు ఆనించి కోసినచో వేరు లోపలనే చివికి ఎరువగును, అది పోయిన దారి నీటికి దారి అగును. గింజ పట్టని కోతను అక్కడనే పరచవచ్చును. గంగవాయిలి, వెన్నదేవి మాత్రము తడి నేలపై పడిన కాడనుండియే మరల వేరు పట్టును; వీటిని ఏరి బయట ఎండబెట్టవలెను.

కలుపు ఉధృతముగ ఉన్న మడికి ఎండనే ఆయుధముగ వాడవచ్చును. మడిని చదును చేసి బాగుగ తడిపి, తెల్లని పలుచని పారదర్శకపు ప్లాస్టిక్ కాగితమును నేలకు అంటునట్లు పరచి, అంచులను మన్నుతో మూయవలెను. నాలుగు నుండి ఆరు వారములు అట్లే ఉంచినచో లోపలి వేడికి పై పొరలోని గింజలు, మొలకలు చాలవరకు చచ్చును. ఈ పనికి నల్ల కాగితముకంటె తెల్లనిదే మేలు, ఎండ వేడిని లోపలికి పోనిచ్చునది అదియే. కాగితము తీసిన తరువాత ఆ నేలను త్రవ్వరాదు. త్రవ్వినచో చేసిన శ్రమ అంతయు వృథా.

ప్లాస్టిక్ కొనలేనివారు మరియొక ఉపాయము చేయవచ్చును. నాటుటకు మూడు వారములు ముందు మడిని ఒకటి రెండు మారులు తడిపి కలుపును కావలెననియే మొలిపించవలెను. రెండాకుల దశలో ఉండగనే పదునైన పారతో పైపైన చెక్కవలెను. పార అంచు ఒక వ్రేలి మందముకంటె లోతు దిగరాదు. వీలయినచో ఇట్లు రెండు మారులు చేయవలెను.

పశువులు తొక్కి గట్టిపడిన జాగ అయినచో మొదటి ఏడు మాత్రము గడ్డపారతో అక్కడక్కడ పొడిచి నేలను వదులు చేయవచ్చును. మన్నును తిరగవేయరాదు. తరువాత ఆ పనిని వేళ్ళు, వానపాములు చూచుకొనును.

నేలకు కప్పు వేయుట

ఎండ నేలకు సోకనిచో సన్నగింజ మొలకెత్తదు. మొలకెత్తినను వెలుతురు చేరకమునుపే దాని బలము ఉడుగును. అందుచేత ఈ పద్ధతికి కప్పు ప్రాణము. మన చల్క నేలలకు దీనివలన మరియొక లాభము కలదు. వట్టి నేలపై వాన చినుకు కొట్టినచో చల్క పైన పెచ్చు కట్టి, నీరు లోనికి దిగక పారిపోవును. కప్పు ఉన్నచో చినుకు దెబ్బ గడ్డిమీద పడును, నీరు మెల్లగ ఇంకును, ఎండకు తడి త్వరగ ఆరదు.

కప్పునకు వరిగడ్డి, మక్కజొన్న చొప్ప, వేరుశనగ పొట్టు, ఎండుటాకులు, కానుగ, గ్లైరిసీడియా రెమ్మలు పనికివచ్చును. పత్తి కట్టెను ముక్కలు చేయించి వాడవచ్చును. యంత్రముతో వరి కోయించినపిదప పొలములో మిగిలిన గడ్డికి నిప్పు పెట్టు దురలవాటు మన జిల్లాలోను కలదు. ఆ గడ్డిలో తోటకు కావలసినంత కట్టలు కట్టించి తెచ్చుకొనుట ఎంతయో తెలివైన పని.

వదులుగ పరచినప్పుడు కప్పు బెత్తెడుకు తగ్గరాదు. 10 సెంటీమీటర్లు ఉండుట మంచిది. పలుచగ చల్లిన కప్పు కలుపును ఆపదు, తడిని నిలిపి దానికి సాయపడును. ఈ మందమునకు గుంట నేలకు సుమారు 200 కిలోల ఎండుగడ్డి పట్టును. ఎకరము వరినుండి రెండు టన్నులకు పైగ గడ్డి వచ్చునని లెక్కించినచో, ఆ గడ్డితో పది గుంటల తోటను కప్పవచ్చును. పశువుల మేతను తీసి తోటకు వేయుమని మేము చెప్పము. మేత పోను మిగిలినది, కాల్చివేయునది తోటకు చేర్చవలెను. గడ్డి చాలనిచో ఉన్న గడ్డితో రెండు గుంటలు సరిగ కప్పుట మేలు, పది గుంటలు పలుచగ చల్లుట వ్యర్థము.

ముందుగ చివికిన ఎరువును నేలపై పలుచగ వేసి, దానిపై గడ్డి పరచవలెను. ఎండుగడ్డిని మన్నులో కలుపరాదు. కలిపినచో అది చివుకునప్పుడు నేలలోని నత్రజనిని కొంతకాలము పట్టుకొని మొక్కకు అందనీయదు. పైన ఉన్నచో ఈ బాధ అంతగ ఉండదు. యంత్రముతో కోసిన వరిగడ్డిలో తాలుతోపాటు గట్టి గింజ కూడ మిగులును. దులిపి వాడనిచో తోటలో వరి మొలచును.

నాటుట, విత్తుట

వంగ, టమాట, మిరప నారును మృగశిర, ఆరుద్ర కార్తెలలో వాన అదను చూచి నాటవచ్చును. నాటు చోట గడ్డిని చేతితో తొలగించి, పిడికెడు మన్ను మాత్రము పెకలించి గుంట తీసి, నారు పెట్టి, గడ్డిని మరల దగ్గరకు చేర్చవలెను. కాండమునకు నాలుగు వ్రేళ్ళ దూరము వదలవలెను. గడ్డి ఆనినచో కాండము కుళ్ళవచ్చును. బీర, సొర, గుమ్మడి, చిక్కుడు వంటి పెద్ద గింజలను కర్రతో గుంట పొడిచి విత్తవచ్చును. మెంతి, కొత్తిమీర, పాలకూర వంటి సన్నని విత్తనములు గడ్డి క్రింద మొలవవు. వాటికి గీతగ గడ్డిని తొలగించి, సాలులో విత్తి, మొక్క జానెడు ఎదిగిన పిదప గడ్డిని దగ్గరకు జరుపవలెను.

నాటిన మొదటి 30 నుండి 45 దినములు పంటకు ఆయువుపట్టు. ఆ కాలమున కలుపు లేకుండ చూచినచో, తరువాత పంట ఆకు నేలను కప్పి తన కలుపును తానే అణచుకొనును. వారమునకు ఒకమారు ఉదయమున తోట చుట్టి, కప్పును చీల్చుకొని వచ్చినవానిని కోసి వేసినచో చాలును.

పచ్చని కప్పు

ఎండుగడ్డి దొరకనిచోట పైరునే కప్పుగ వాడవచ్చును. ఖాళీగ ఉన్న మడిలో జనుము ఒత్తుగ చల్లి, పూత తొడుగు సమయమున, సుమారు 45 నుండి 50 దినములకు, నేలమట్టముగ కోసి అక్కడనే పరచవలెను. దున్ని కలుపనవసరము లేదు. మామిడి, జామ చెట్ల నడుమ అలసంద, పిల్లిపెసర మంచి కప్పు. జొన్న కొయ్యకాలు ఉన్న నేలలో సన్నగింజల కలుపు తక్కువగుటకు కారణము కలదు. జొన్న వేళ్ళు సోర్గోలియోన్ అను పదార్థమును వెలువరించి కలుపు మొలకలను అణచును. ఆంధ్రప్రదేశ్‌లోని ప్రకృతి వ్యవసాయ రైతులు తొలకరికి ముందే పలు రకముల విత్తనములను కలిపి పొడి నేలలో చల్లి, ఏడాది పొడవున నేలను పచ్చగ ఉంచు పద్ధతిని అవలంబించుచున్నారు. నేల ఖాళీగ ఉన్నంతవరకే కలుపునకు చోటు అను సూత్రము అందులోను కలదు.

గింజ కట్టనీయరాదు

గట్టుమీద, కాలువ వెంట, దారి ప్రక్కన ముదిరిన కలుపే తోటకు మరుసటి ఏటి విత్తనము. పూత దశలోనే కోయవలెను. ఈ విషయములో మన ఆడపడుచులు ఎరుగకయే మంచి పని చేయుచున్నారు. బతుకమ్మకు తెచ్చు గునుగు పూవు మన చేలలో కలుపే. భాద్రపద అమావాస్యనాటికి విరగబూచిన గునుగును కోసి తెచ్చినంత మేర కలుపు గింజ తగ్గినట్లే. అయితే గునుగు కంకి పైన పూయుచుండగనే అడుగున గింజ ముదురును; కావున లేత పూవునే కోయవలెను, చేలో మిగిలినదానిని కూడ అప్పుడే కొట్టివేయవలెను.

వయ్యారిభామను మన దేశములో 1955లో పూణే వద్ద మొదట గుర్తించిరి. నేడు అది లేని ఊరు లేదు. పూతకు ముందు కోసినది కంపోస్టుకు పనికివచ్చును. పూచినదానిని కుప్పలో వేయరాదు. దాని స్పర్శవలన చర్మవ్యాధి, పుప్పొడివలన ఉబ్బసము వచ్చును గనుక చేతులకు తొడుగు, ముక్కునకు గుడ్డ తప్పక ఉండవలెను.

పచ్చి పేడ కూడ కలుపును తెచ్చును. పశువు కడుపులో అనేక కలుపు గింజలు చావవు. బాగుగ వేడెక్కి, తిరగవేసి, చివికిన ఎరువునే తోటకు వాడవలెను.

తుంగ, గరిక

వీటికి గడ్డి కప్పు ఒక్కటి చాలదు. తుంగ మొలక ప్లాస్టిక్ కాగితమునే పొడుచుకొని వచ్చును. దీని బలము గడ్డలో ఉన్నది. మొలచిన ప్రతిమారు ఆ గడ్డలోని నిలువ కొంత ఖర్చగును. ఆకులు ఎదిగి ఎండ త్రాగినచో ఆ నిలువ మరల నిండును. కావున పది పదిహేను దినములకు ఒకమారు, ఆకు ఎదుగకమునుపే కోయుచు పోవలెను. ఒక నెల మానినచో మొదటికి వచ్చును. తుంగకు నీడ గిట్టదు. అందుచేత ఆ మడిలో గుమ్మడి, అలసంద, గెనుసుగడ్డ వంటి అల్లుకొను పైర్లు వేయవలెను. గరిక గట్టునుండి ప్రాకి వచ్చును గనుక తోట అంచున మూర వెడల్పు దారిని ఎల్లప్పుడును కోసి ఉంచవలెను. రెండు మూడు ఏండ్లు పట్టినచో ఇవి అదుపునకు వచ్చును. పూర్తిగ పోవునని ఆశపెట్టుట న్యాయము కాదు.

కలుపులోని కూర

మొలచినదంతయు శత్రువు కాదు. గంగవాయిలి, చెంచలి, పొన్నగంటి, తుమ్మి మన ఇండ్లలో వండుకొను కూరలే. విత్తకయే పండు ఈ ఆకుకూరల విలువను జహీరాబాదు ప్రాంతపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు లోకమునకు తెలియజేసిరి. లేతగ ఉండగ కోసి వండుకొనినచో కూరయు దొరకును, గింజయు పడదు.

జాగ్రత్తలు

ఈ పద్ధతిలో ఇబ్బందులు లేకపోలేదు. చల్క నేలలో పొడిగ ఉన్న గడ్డికి చెదలు పట్టును. గడ్డిని తడిగ ఉంచి, మొక్క మొదట వేపపిండి వేయవలెను. గడ్డి క్రింద తేలు, పాము చేరవచ్చును. చేయి పెట్టుటకు ముందు కర్రతో కదపవలెను, చీకటిలో కలుపు తీయరాదు. ఎండకాలమున బీడీ నిప్పు పడకుండ చూడవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది మొదటి ఏడు శ్రమ తగ్గదు. పై పొరలోని గింజ ఖర్చగువరకు వారము వారము పని తప్పదు. ఈ సంగతి తెలియక మొదటి వానకాలముననే విసిగి నాగలి కట్టినవారు నష్టపోవుదురు; ఎందుకనగా ఆ ఒక్క దుక్కి మూసిన గాదెను మరల తెరచును.

మీరే పరీక్షించి చూడండి

మా మాటను నమ్మనవసరము లేదు. తోటలో ప్రక్కప్రక్కన మీటరు పొడవు, మీటరు వెడల్పుగల మూడు మడులను గుర్తించండి. మూడింటిలోను కలుపును నేలమట్టముగ కోయండి. ఒకదానిని జానెడు లోతు త్రవ్వండి. రెండవదానిని త్రవ్వక వదలండి. మూడవదానిని త్రవ్వక బెత్తెడు మందము గడ్డి కప్పండి. మూడింటికిని సమముగ నీరు పెట్టి, పదిహేనవ దినమున గడ్డి ఎత్తి, కొత్తగ మొలచిన మొలకలను లెక్కించి వ్రాసికొనండి. ఇంటిలో బడికి పోవు పిల్లలున్నచో లెక్క వారిచేత పెట్టించండి. ఆ అంకెలనుబట్టి మీ తోటకు ఏది తగునో మీరే నిర్ణయించవచ్చును.

వ్యవసాయ విస్తరణాధికారులు, పంచాయతీ కార్యదర్శులు ఈ పరీక్షను రైతు వేదిక ఆవరణలోనో, పాఠశాల తోటలోనో చేసి చూపించినచో పది ఉపన్యాసములకంటె ఎక్కువ ఫలితము ఉండును. వానకాలమునకు ముందు ఊరి గట్లు, కాలువ ఒడ్లమీద వయ్యారిభామ పూయకమునుపే కోయించుట కూడ వారి బాధ్యతగ తీసికొనవలెను. ఒక్కరి తోట శుభ్రముగ ఉండి, చుట్టు బీడు ఉన్నచో గాలియు నీరును ఊరుకొనవు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. మన్నును తిరగవేయరాదు, కలుపును నేలమట్టముగ కోయవలెను.
2. మే నెలలో ఎండతోనో, నీటితో మొలిపించియో పై పొరలోని గింజను ఖర్చు చేయవలెను.
3. బెత్తెడుకు తగ్గకుండ కప్పు వేయవలెను; గుంటకు 200 కిలోల గడ్డి.
4. మొదటి 45 దినములు ఏమరరాదు.
5. తోటలో గాని, గట్టున గాని కలుపు గింజ కట్టరాదు.
6. తుంగను పది పదిహేను దినములకు ఒకమారు కోయుట మానరాదు.
7. మొదటి ఏడు ఓపిక పట్టవలెను.

ఈ ఏడు రెండు గుంటలతో ప్రారంభించండి. కాల్చివేయు గడ్డి తోటకు కప్పు అగును, పారిపోవు వాననీరు నేలలో ఇంకును. ఏటేట కలుపు తగ్గిన కొలది ఇంటి ఇల్లాలికి నడుము వంచు దినములును తగ్గును.